ఊరి చిరునామా నుంచి రాజ్యాంగం దాకా: ప్రభుత్వం, రాజకీయ సంస్కృతి, పౌరసత్వం చదివే పద్ధతి

పాలిటీ పుస్తకం కొన్నవాళ్ళలో చాలామంది పీఠిక దాటి, ప్రాథమిక హక్కుల దగ్గర నాలుగు రోజులు ఆగి, రాష్ట్రపతి ఎన్నిక విధానం వచ్చేసరికి పుస్తకం మూసేస్తారు. వాళ్ళ తెలివికేం లోటు లేదు. చదివేది దేని గురించో కంటికి కనపడదు, అదీ చిక్కు. రాష్ట్రపతిని ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీ పొదిలి బస్టాండులో ఎవరికీ ఎదురుపడదు. ఇంటి పన్ను రసీదు, రేషన్ కార్డు, సచివాలయం బోర్డు, టంగుటూరు టోల్ గేటు మాత్రం రోజూ ఎదురుపడతాయి. చదువు అక్కడ మొదలుపెడితే ఆగదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండి డిగ్రీలో పొలిటికల్ సైన్స్ తీసుకున్నవాళ్ళకు, గ్రూప్స్‌కి చదివేవాళ్ళకు, ఏ పరీక్షా లేకపోయినా ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనుకునేవాళ్ళకు ఇది రాస్తున్నాను. పద్ధతి చిన్నది. ఏ ప్రభుత్వ పని కనపడినా మూడు ప్రశ్నలు వేసుకోండి. దీని మీద సంతకం పెట్టే అధికారం ఎవరిది? డబ్బు ఎవరి ఖజానాలోంచి వస్తుంది? పని జరగకపోతే ఎవరిని నిలదీయొచ్చు? మూడింటికీ ఒకే జవాబు రావడం అరుదు. ఎక్కడ జవాబులు విడిపోతాయో అక్కడే అసలు పాఠం ఉంటుంది.

1. సరంజామా

భారత రాజ్యాంగం తెలుగు ప్రతి ఒకటి, ఇంగ్లీషు ప్రతి ఒకటి. రెండూ ఎందుకంటే, కోర్టు తీర్పులూ చట్టాలూ ఎక్కువగా ఇంగ్లీషులోనే దొరుకుతాయి. పక్కన పెట్టుకుని చూస్తే పారిభాషిక పదాల బెంగ తగ్గుతుంది. దాంతోపాటు 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం. కేంద్ర, రాష్ట్ర చట్టాలు ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఒక పెద్ద నోటుబుక్కు. గైడ్లు ఇప్పుడే కొనకండి. గైడు జవాబు ఇస్తుంది, మనకు ముందు ప్రశ్న కావాలి.

రాజ్యాంగాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలన్న పట్టుదల పెట్టుకోవద్దు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చినప్పుడే అందులో 395 అధికరణలు, 8 షెడ్యూళ్ళు ఉన్నాయి. ఇప్పుడు షెడ్యూళ్ళు 12. ప్రశ్న పట్టుకుని వెళ్ళి, కావలసిన అధికరణ చదివి, వెనక్కి రావడమే మేలు.

2. మీ రాజకీయ చిరునామా రాసుకోండి

ఉత్తరం మీద రాసే చిరునామా వేరు, రాజకీయ చిరునామా వేరు. నోటుబుక్కులో మొదటి పేజీకి ఇవి ఎక్కించండి: మీ వార్డు, గ్రామ పంచాయతీ లేదా మున్సిపాలిటీ, సచివాలయం, మండలం, రెవెన్యూ డివిజన్, జిల్లా, అసెంబ్లీ నియోజకవర్గం, లోక్‌సభ నియోజకవర్గం. పట్టభద్రులైతే శాసనమండలి పట్టభద్రుల నియోజకవర్గం కూడా.

చాలామంది ఇక్కడే తడబడతారు. వెంకటాచలంలో ఉండే ఆయన నెల్లూరు జిల్లా వాసి. కలెక్టరేట్ పనికి నెల్లూరే వెళ్తాడు. ఆయన మండలం మాత్రం సర్వేపల్లి అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది, సర్వేపల్లి తిరుపతి లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. అంటే ఆయన ఎంపీ నెల్లూరు ఎంపీ కాదు. ఇటు సంతనూతలపాడు ఒంగోలును ఆనుకునే ఉంటుంది, ఓటు మాత్రం బాపట్ల ఎంపీకి. నెల్లూరు లోక్‌సభ స్థానంలో ఉన్నవి కందుకూరు, కావలి, ఆత్మకూరు, కోవూరు, నెల్లూరు సిటీ, నెల్లూరు రూరల్, ఉదయగిరి.

ఎందుకిలా? జిల్లా అనేది పాలన సౌకర్యం కోసం రాష్ట్ర ప్రభుత్వం గీసిన గీత. నియోజకవర్గం అనేది జనాభా లెక్క చూసి డీలిమిటేషన్ కమిషన్ గీసిన గీత. రెండూ కలవాలన్న నియమం లేదు. ప్రస్తుత నియోజకవర్గాలు 2008 పునర్విభజనవి. జిల్లాల గీతలు ఆ తర్వాత మారాయి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు, గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి వైపు ప్రాంతాలు తిరుపతి జిల్లాకు, చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్లకు వెళ్ళాయి. ఎమ్మెల్యే, ఎంపీ స్థానాలు కదల్లేదు. జిల్లా గీత మళ్ళీ మారినా అవి అలాగే ఉంటాయి.

దీనికే ఇంకో ప్రశ్న తగిలించండి. జిల్లా గీత ఎవరు మారుస్తారు, రాష్ట్రం గీత ఎవరు మారుస్తారు? జిల్లాకు 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల ఏర్పాటు చట్టం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ముసాయిదా నోటిఫికేషన్ ఇస్తుంది, అభ్యంతరాలకు 30 రోజులు గడువిస్తుంది, తర్వాత తుది నోటిఫికేషన్. ప్రకాశం జిల్లా పుట్టుక కూడా ఇలాంటి గీతల మార్పే. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడింది, 1972లో టంగుటూరి ప్రకాశం పేరు వచ్చింది. రాష్ట్రం విషయానికొస్తే 3వ అధికరణ ప్రకారం పార్లమెంటు చట్టం చేయాలి. రాష్ట్రపతి సిఫారసు ఉండాలి, సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి, ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడాల్సిన అవసరం లేదు. 2014 విభజన ఎలా జరిగిందో ఈ ఒక్క అధికరణ చదివితే తెలిసిపోతుంది.

పొట్టి శ్రీరాములు గురించి కూడా ఇక్కడే చదవాలి. 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. డిసెంబర్ 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. దీక్ష ప్రకటనను తెచ్చింది, రాష్ట్రాన్ని చట్టబద్ధం చేసింది మాత్రం 1953లో పార్లమెంటు చేసిన ఆంధ్ర రాష్ట్ర చట్టం. ఒత్తిడి వీధిలో పుడుతుంది, చెల్లుబాటు సభలో వస్తుంది. రెంటినీ విడివిడిగా రాసుకునే అలవాటు చేసుకోండి.

3. ఒక్క విషయం ఎంచుకుని ఏడో షెడ్యూల్‌కు తీసుకెళ్ళండి

ఏ అంశం మీద ఎవరు చట్టం చేయొచ్చో చెప్పే జాబితాలు మూడు: కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. మొదట్లో 97, 66, 47 అంశాలు. ఆ అంకెలు బట్టీ పడితే ఒక బిట్టుకు పనికొస్తుంది, అంతే. మన తీరంలో ఉన్న దాన్ని ఒకటి తీసుకుని చూడండి.

రేవులే తీసుకుందాం. ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం ఉంది. మేజర్ పోర్టులుగా ప్రకటించినవి కేంద్ర జాబితాలోకి వెళ్తాయి, విశాఖపట్నం, చెన్నై అలాంటివి. మిగతా రేవులు ఉమ్మడి జాబితాలో ఉంటాయి, ఆచరణలో రాష్ట్ర ప్రభుత్వ అజమాయిషీలో నడుస్తాయి. కృష్ణపట్నం ఈ రెండో రకం. నడిపేది ప్రైవేటు కంపెనీ, ఒప్పందం రాష్ట్ర ప్రభుత్వంతో. ఇప్పుడు 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్ తెరవండి. దుగరాజపట్నంలో కేంద్రం కొత్త మేజర్ పోర్టు కట్టాలని, మొదటి దశ 2018 ఆఖరుకు పూర్తి కావాలని అందులో ఉంది. అది కట్టలేదు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం గుడ్లూరు మండలం రామాయపట్నంలో సొంతంగా నాన్ మేజర్ పోర్టు చేపట్టింది. మేజర్, నాన్ మేజర్ అన్న మాట దగ్గరే ఎంత గొడవ నడిచిందో పాత పేపర్లు తిరగేస్తే కనపడుతుంది. ఒక హోదా మారితే సంతకం మారుతుంది, ఖజానా మారుతుంది, మన అర్జీ వెళ్ళాల్సిన ఆఫీసు మారుతుంది.

కనిగిరి వైపు వాళ్ళు ఫ్లోరైడ్ నీళ్ళను తీసుకోండి. తాగునీరు 11వ షెడ్యూల్‌లో పంచాయతీ అంశం. నీరు అనే విషయం రాష్ట్ర జాబితాలో 17వది. కుళాయి కనెక్షన్ల పథకం, 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్, కేంద్రానిది, ఖర్చులో రాష్ట్రానికీ వాటా ఉంది. ట్యాంకు దగ్గర నిలబడి ఎవరిని అడగాలో తెలియక జనం సర్పంచ్‌ను తిడతారు. ఆయన చేతిలో ఉన్నది ఎంతో మూడు ప్రశ్నలతో మీరే తేల్చుకోవచ్చు.

రొయ్యల చెరువుల వాళ్ళకు కోర్టు కూడా కలిసొస్తుంది. చేపల పెంపకం రాష్ట్ర జాబితా అంశమే. అయినా తీరంలో చెరువుల మీద ఎస్. జగన్నాథ్ అనే ఆయన నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళనిచ్చే 32వ అధికరణ కింద వేసిన పిటిషన్‌లో 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు కోస్తా నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించమంది. దాని తర్వాత పార్లమెంటు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. జాబితాలో రాష్ట్రానిది అని రాసుకున్నంత మాత్రాన కథ ముగియదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ మెట్టు మీద కనీసం మూడు విషయాలు పట్టుకోండి. తొందరపడొద్దు.

4. పంచాయతీ, సచివాలయం: ఒకే వీధిలో రెండు ప్రభుత్వాలు

ఊళ్ళో పంచాయతీ ఆఫీసు ఉంటుంది, గ్రామ సచివాలయం ఉంటుంది. చాలా ఊళ్ళలో ఒకే ఆవరణలో. జనానికి రెండూ ఒకటే. చదివేవాళ్ళు మాత్రం విడదీయాలి.

పంచాయతీకి వేరు రాజ్యాంగంలో ఉంది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి 243వ అధికరణ నుంచి పంచాయతీల భాగాన్ని చేర్చింది. ఐదేళ్ళ గడువు, ఎన్నికలు, రాష్ట్ర ఎన్నికల సంఘం, రాష్ట్ర ఆర్థిక సంఘం, మహిళలకు మూడో వంతుకు తగ్గని రిజర్వేషన్ అన్నీ అక్కడివే. మన రాష్ట్రం మహిళల వాటాను సగానికి పెంచింది. సచివాలయం 2019 అక్టోబర్ 2న రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన వ్యవస్థ. అందులో సర్వేయర్, ఏఎన్ఎం, వెల్ఫేర్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్ లాంటి వాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో శాఖకు చెందినవాళ్ళు. వాళ్ళ జీతం రాష్ట్ర ఖజానాది, పైఅధికారి మండలంలోనో జిల్లాలోనో ఉంటారు. ప్రజలు ఎన్నుకున్న సర్పంచ్‌కు వీళ్ళ మీద ఎంత పట్టు ఉందో మీ ఊరి సర్పంచ్‌నే అడగండి. మంచి ఇంటర్వ్యూ దొరుకుతుంది, టీ కూడా దొరకొచ్చు.

11వ షెడ్యూల్‌లో 29 అంశాలున్నాయి. చిన్ననీటి వనరులు, రోడ్లు, ప్రాథమిక విద్య, గ్రంథాలయాలు, పశుపోషణ ఇలా. షెడ్యూల్‌లో ఉండటం వేరు, రాష్ట్రం చట్టం చేసి బదిలీ చేయడం వేరు. 243జీ అధికరణలో ఆ పని రాష్ట్ర శాసనసభ ఇష్టానికి వదిలారు. 29 అంశాలూ ఒక కాగితం మీద రాసి, మీ ఊళ్ళో ఒక్కోదానికి నిజంగా ఎవరు సంతకం పెడుతున్నారో ఎదురుగా రాయండి. ప్రాథమిక పాఠశాల దగ్గర విద్యాశాఖ, పశువుల ఆసుపత్రి దగ్గర పశుసంవర్ధక శాఖ అని రాసుకుంటూ పోతే కాగితం నిండేసరికి వికేంద్రీకరణ మీద మీకే ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. నా ఉద్దేశంలో ఈ మార్గదర్శిలో ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇదే చేయాలి.

ఇప్పుడు డబ్బు. పంచాయతీ సొంత రాబడి ఇంటి పన్ను, కుళాయి రుసుములు, వేలం పాటలు, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే వాటా. దాంతోపాటు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం పనులకే వాడాలని, 40 శాతం స్థానిక అవసరాలకని షరతు పెట్టారు. ఈ డబ్బుతో మీ ఊళ్ళో పెట్టుకున్న ప్రణాళిక, చేసిన చెల్లింపులు ఈగ్రామస్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ పేరు కొడితే కనపడతాయి. కాలువ పూడిక తీసినట్టు ఒక చెల్లింపు కనపడిందనుకోండి, వెళ్ళి ఆ కాలువ చూసి రండి.

తర్వాత గ్రామసభ. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే, ఎవరూ పిలవక్కర్లేదు. సాధారణంగా జనవరి 26, ఏప్రిల్ 24, ఆగస్టు 15, అక్టోబర్ 2 తేదీల్లో పెడతారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. మొదటిసారి వెళ్ళినప్పుడు మాట్లాడొద్దు. ఎవరు కుర్చీల్లో కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఆడవాళ్ళు ఎంతమంది, ఎజెండా చదివారా, తీర్మానం పుస్తకంలో సంతకాలు సభ ముందు తీసుకున్నారా తర్వాతా, ఇవి రాసుకోండి. ఏడో మెట్టులో ఈ పేజీ అక్కరకొస్తుంది.

కాగితం కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 చట్టం, 30 రోజుల గడువు. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామస్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో ₹5, ఆపైన ₹10. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఎక్కడా లేదు. "మా వీధి రోడ్డు ఎందుకు వేయలేదు?" అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డును, సంజాయిషీని కాదు. ఇలా రాయండి: "2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు మా పంచాయతీలో ఆర్థిక సంఘం నిధులతో చేసిన పనుల జాబితా, ఒక్కో పని అంచనా మొత్తం, చెల్లించిన మొత్తం, ఎం బుక్ (పని కొలతల పుస్తకం) నకళ్ళు ఇవ్వగలరు." గడువు దాటితే పైఅధికారికి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. చిన్న ఊళ్ళో ఇది వేస్తే "మన మీద ఏంది కక్ష?" అన్న మాట రావచ్చు. ముందే కార్యదర్శికి చదువు కోసమని చెప్పండి. చాలాసార్లు దరఖాస్తు లేకుండానే పుస్తకం చూపిస్తారు.

నెల్లూరు, ఒంగోలు నగరాల్లో ఉండేవాళ్ళు 74వ సవరణ, 12వ షెడ్యూల్‌లోని 18 అంశాలతో ఇదే పని చేయండి.

5. శాసనసభ, పార్లమెంటు

ఇక్కడ గైడ్లు బాగానే ఉంటాయి కాబట్టి వేగంగా వెళ్ళిపోవచ్చు. 175 మంది ఎమ్మెల్యేలు, 58 మంది మండలి సభ్యులు, 25 మంది లోక్‌సభ ఎంపీలు, రాజ్యసభకు 11 మంది. ఒక్క సూత్రం మాత్రం ఎముకల్లోకి ఎక్కాలి: మంత్రివర్గం శాసనసభకు ఉమ్మడిగా బాధ్యత వహిస్తుంది, 164వ అధికరణ. దానికి మన జిల్లా ఉదాహరణే ఉంది. ఆంధ్ర రాష్ట్రం మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబర్‌లో, మద్య నిషేధం మీద రేగిన గొడవలో, అవిశ్వాస తీర్మానం మీద ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1928లో సైమన్ కమిషన్ రోజుల్లో మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపించిన మనిషి! సభలో ఆ చరిత్ర లెక్కకు రాలేదు, చేతులు లెక్కపెట్టారు. 1985లో 10వ షెడ్యూల్, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధం, వచ్చాక ఇలాంటి ఒక్క ఓటు ఎంత మారిందో పోల్చి చూడండి.

అభ్యాసంగా మీ ఎంపీ పేరుతో లోక్‌సభ వెబ్‌సైట్‌లో అడిగిన ప్రశ్నలు వెతకండి. మీ ప్రాంతం గురించి ఎన్ని ఉన్నాయో, మంత్రి జవాబులో "ఇది రాష్ట్ర పరిధిలోని అంశం" అని ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. మూడో మెట్టు చేసినవాళ్ళకు ఆ జవాబు నిజమో తప్పించుకోవడమో పట్టుకోవడం వచ్చేస్తుంది.

6. కలెక్టరేట్, కోర్టు

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల కార్యక్రమానికి ఒకసారి వెళ్ళి కూర్చోండి. ప్రభుత్వం మారితే దాని పేరు మారుతుంది, సోమవారం మాత్రం మారదు. వచ్చే అర్జీల్లో భూమి గొడవలు, పింఛన్లు, ఇళ్ళ స్థలాలు ఎంత భాగమో గమనిస్తే రాష్ట్రం జనానికి ఏ ముఖంతో కనపడుతుందో తెలుస్తుంది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే 32వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు, 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్ళొచ్చు. 226 పరిధి పెద్దది, మనకు దగ్గరది కూడా. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలో ఉంది.

7. రాజకీయ సంస్కృతి: పుస్తకంలో దొరకనిది

చట్టం ఒకటే అయినా ఒక ఊళ్ళో గ్రామసభ నిండుతుంది, పక్క ఊళ్ళో సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది. ఈ తేడానే రాజకీయ సంస్కృతి అంటారు. 1963లో ఆల్మండ్, వెర్బా అనే ఇద్దరు పండితులు అమెరికా, బ్రిటన్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, మెక్సికో దేశాల జనాన్ని పరిశీలించి మూడు రకాల ధోరణులు చెప్పారు. ప్రభుత్వం ఉందన్న ధ్యాసే లేనివాళ్ళు, ప్రభుత్వం ఇచ్చేది తీసుకుని ఊరుకునేవాళ్ళు, అందులో పాలుపంచుకోవాలనుకునేవాళ్ళు. మన అరుగుల మీద వీటిని "మనకెందుకబ్బా", "పెద్దాయన చూసుకుంటాళ్ళే", "పోయి అడుగుదాం పదండి" అని వినొచ్చు. ఒకే మనిషి పింఛను విషయంలో మూడోవాడు, పంచాయతీ లెక్కల విషయంలో మొదటివాడు కావడం మామూలే. ఆ వర్గీకరణ బలహీనత అక్కడే ఉంది. మనుషులకు కాకుండా సందర్భాలకు ఆ పేర్లు పెట్టి వాడుకోండి.

ఈ మెట్టుకు మన జిల్లాలో దూబగుంటను మించిన పాఠం లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిబడుల్లో కూర్చున్న ఆడవాళ్ళు అక్షరాలతోపాటు తమ ఇళ్ళ సంగతీ మాట్లాడుకున్నారు, సంగతి సారా దగ్గరికి వచ్చింది. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ ముందు నిలబడ్డారు, సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకింది. ఆడవాళ్ళు సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలించారు.

మూడు ప్రశ్నలూ దీనికి వేయండి. సంతకం రాష్ట్రానిది, మత్తు పానీయాలు రాష్ట్ర జాబితాలో 8వ అంశం. డబ్బు కూడా రాష్ట్రానిదే, ఎక్సైజ్ రాబడి. గట్టి చిక్కు అదే, నిషేధం ఎందుకు నిలవలేదో అందులోనే చాలావరకు జవాబుంది. మరి నిలదీయడం? 47వ అధికరణ మద్య నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలంటుంది. అది ఆదేశిక సూత్రం కాబట్టి కోర్టుకెళ్ళి అమలు చేయించుకోలేం. కోర్టు తలుపు మూసి ఉన్న చోట ఆ ఆడవాళ్ళు వేలం పాట దగ్గర నిలబడ్డారు. ఏ చట్టంలోనూ లేని దారి అది. ప్రకాశం ప్రభుత్వాన్ని పడగొట్టిన గొడవ, నలభై ఏళ్ళ తర్వాత ప్రభుత్వాన్ని వంచిన గొడవ, రెండూ మద్యం చుట్టూ తిరిగినవే. ఒకటి సభలో, ఒకటి వీధిలో. పక్కపక్కన పెట్టి రెండు పేజీల వ్యాసం రాసి చూడండి, పరీక్షకూ పనికొస్తుంది.

ఏకగ్రీవాలను కూడా వదలొద్దు. సర్పంచ్ ఎన్నికలు చట్టం దృష్టిలో పార్టీ గుర్తులు లేనివి. గోడల మీద మాత్రం అందరికీ పార్టీ తెలుసు. పోటీ లేకుండా ఎన్నుకున్న పంచాయతీలకు ప్రభుత్వం ప్రోత్సాహకం ఇస్తుంది. 2021లో జనాభాను బట్టి ₹5 లక్షల నుంచి ₹20 లక్షల దాకా ప్రకటించారు. ఊళ్ళో గొడవలు తగ్గుతాయనే వాదన ఉంది. నలుగురు పెద్దలు రచ్చబండ దగ్గర తేల్చిన దానికి వందల ఓట్లు గొంతు పోగొట్టుకుంటాయనే వాదన కూడా ఉంది. నేను రెండో వైపే మొగ్గుతాను. అయినా మీ ఊళ్ళో ఏకగ్రీవం ఎలా కుదిరిందో, ఎవరు తప్పుకున్నారో, ఎందుకో ముగ్గురు వేర్వేరు మనుషుల దగ్గర వినకుండా మీ అభిప్రాయం రాయొద్దు. ముగ్గురిలో ఒక ఆడమనిషి, పాలెం నుంచో కాలనీ నుంచో ఒకరు ఉండాలి. ఊరి నడిబొడ్డున దొరికే కథ ఎప్పుడూ ఒక వైపుదే.

లెక్కలకు ఫారం 20 ఉంది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో బూత్‌వారీ ఓట్లు అందులో ఉంటాయి, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఒకేరోజు రెండు ఓట్లు వేసిన మీ బూత్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు తేడా ఎంతో చూడండి. ఆ తేడా అభ్యర్థిని చూసి వేసిన ఓటుకు ఆనవాలు. బూత్ అంకె చూసి "ఫలానా కులం ఓట్లు ఇటే పడ్డాయి" అని మాత్రం రాయకండి. బూత్‌లో పడిన ఓట్లు తెలుస్తాయి, వేసిన మనిషి తెలియడు. టీవీ విశ్లేషకులు రోజూ చేసే పొరపాటు మనం చేయక్కర్లేదు.

8. పౌరసత్వం

5 నుంచి 11 వరకు అధికరణలు, 1955 పౌరసత్వ చట్టం. అధికరణలు 1950 నాటికి ఎవరు పౌరులో తేల్చాయి, ఆ తర్వాతి సంగతి చట్టానికి వదిలాయి. జన్మతః పౌరసత్వానికి మూడు కాలాలున్నాయి. 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1కి ముందు వరకు ఇక్కడ పుడితే చాలు. అప్పటి నుంచి 2004 డిసెంబర్ 3కి ముందు వరకు తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. ఆ తర్వాత ఇద్దరూ పౌరులు, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. మీ ఇంట్లో తాత, అమ్మ, తమ్ముడు ఏ కాలం కిందికి వస్తారో రాయండి, ఇక మర్చిపోరు.

హక్కులు చదివేటప్పుడు "వ్యక్తి" అని ఉందా "పౌరుడు" అని ఉందా గీత గీసుకోండి. 14, 21 అధికరణలు ఎవరికైనా వర్తిస్తాయి. 15, 16, 19 పౌరులకే. పరీక్షల్లో ఎక్కువమంది జారేది ఇక్కడే.

కాగితం వేరు, పౌరసత్వం వేరు. ఆధార్ సంఖ్య పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతుంది. ఆధార్ లేకపోతే పథకం అందకపోవచ్చు, పౌరసత్వం మాత్రం పోదు. నెల్లూరు జిల్లాలో ఇది పుస్తకంలోని చర్చ కాదు. చెరువు గట్ల మీద, రొయ్యల గుంటల దగ్గర కాపురముండే యానాది కుటుంబాల్లో పుట్టిన తేదీ పత్రం లేక ఆధార్, ఆధార్ లేక రేషన్, కులపత్రం లేక చదువు ఆగినవాళ్ళున్నారు. రాజ్యాంగం వాళ్ళను షెడ్యూల్డ్ తెగగా గుర్తించింది, వాళ్ళ కోసం నెల్లూరులో ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ, ఉంది. అంత హక్కు ఉన్న మనిషికి గుమాస్తా ముందు ఒక్క కాగితం ఎందుకు లేకుండా పోయిందో ఆరా తీయండి. పుట్టింది ఆసుపత్రిలోనా ఇంట్లోనా, ఆలస్యపు జనన నమోదుకు ఎవరి సంతకం కావాలి, ఎన్నిసార్లు తిరిగారు, ఇవి అడగాల్సినవి. పేర్లు నోటుబుక్కులో రాయొద్దు.

విదేశాల్లో ఉన్నవాళ్ళ సంగతి కూడా ప్రతి ఊళ్ళో ఉంటుంది. వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే మనది పోతుంది. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు, దాంతో ఓటు రాదు. భారత పాస్‌పోర్టు ఉండి బయట ఉంటున్నవాళ్ళు ఫారం 6ఏతో సొంతూరి జాబితాలో చేరొచ్చు, ఓటు మాత్రం వచ్చి వేయాలి. ఇక్కడివాళ్ళకు కొత్త నమోదు ఫారం 6, చిరునామా మార్పు, సవరణలకు ఫారం 8. 61వ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. ఇప్పుడు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు.

9. ఇంకో దేశానికి ఇవే ప్రశ్నలు

ఇక్కడిదాకా వచ్చాక వేరే దేశం చదవడం తేలిక. అమెరికాలో ఉన్న మీ బంధువును ఫోన్‌లో అడగండి: వాళ్ళ పిల్లల బడికి డబ్బు ఎవరు ఇస్తారు, పోలీసు ఎవరి కింద పనిచేస్తాడు, రోడ్డు గుంతకు ఎవరికి ఫిర్యాదు? చాలావాటికి జవాబు వాషింగ్టన్ దాకా వెళ్ళదు. అక్కడ పుట్టినవాళ్ళకు పౌరసత్వం 1868 నాటి 14వ సవరణ ఇచ్చింది. మనం 1987లో ఆ దారి ఎందుకు వదిలామో, అస్సాం రాజకీయాలతో కలిపి చదవండి. బ్రిటన్‌కు ఒకే గ్రంథంగా రాసుకున్న రాజ్యాంగం లేదు. అవిశ్వాసంతో మంత్రివర్గం దిగిపోయే పద్ధతి మనకు అక్కడిదే.

10. రాసిన దాన్ని ఎవరికైనా చూపించండి

నోటుబుక్కులోంచి పది పేజీల నివేదిక తయారు చేయండి. ఒకే విషయం మీద: మీ ఊరి నీళ్ళో, రోడ్డో, ఆ ఏకగ్రీవమో. ఏది కాగితంలో చూశారో, ఏది విన్నారో, ఏది మీ ఊహో పక్కన గుర్తు పెట్టండి. పంచాయతీ కార్యదర్శికి ఒక ప్రతి ఇచ్చి తప్పులుంటే చెప్పమనండి. ఆయన దిద్దినవి దిద్దండి, ఒప్పుకోనివి ఆయన మాటగా రాయండి. తర్వాత వచ్చే గ్రామసభకు ఒక్క ప్రశ్న మాత్రం రాసుకుని వెళ్ళండి. అడిగాక జవాబు నోటితో విని వచ్చేయకుండా, ప్రశ్ననూ జవాబునూ తీర్మానాల పుస్తకంలో ఎక్కించమని అడిగి, ఎక్కించాకే లేవండి.